పడమటి గాలి గెలిచిన రోజు

బందరు జ్ఞాపకాల నిండా నీళ్లే. 1864 నవంబరు 1 రాత్రి సముద్రం ఊరిమీదికి వచ్చి సుమారు ముప్పైవేల ప్రాణాలు తీసింది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మనకు ఇంకా దగ్గరిది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు పెద్దవాళ్లను కదిపితే చాలు, పోయినవాళ్ల పేర్లతో సహా చెబుతారు. ఆ మృతులకు స్తూపం ఉంది. 2015 మే నెలలో పోయినవాళ్లకు స్తూపం లేదు, తలచుకోవడానికి ఒక తేదీ కూడా లేదు. ఆ వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బ మరణాలు ప్రభుత్వ లెక్కల ప్రకారం 1300 దాటాయి. అందులో ఎక్కువ భాగం మే చివరి పదిరోజుల్లోనే. 1998, 2002, 2003 వేసవుల్లో కూడా కోస్తా ఇలాగే మాడింది.

ఉప్పెన అందరినీ ఒకే రాత్రి తీసుకుపోతుంది కనుక ఊరు మరిచిపోదు. వడగాలికి పోయేవాళ్లు విడివిడిగా పోతారు. ఒకరు పొలంగట్టున, ఒకరు బస్టాండులో, ఇంకొకరు రేకుల గదిలో తెల్లవారుజామున. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ముందే ఉన్నవాళ్ల విషయంలో ఆ జబ్బు పేరే కాగితం మీదికి ఎక్కుతుంది, ఎండ పేరు ఎక్కదు. అందుకే లెక్క ఎప్పుడూ తక్కువగానే వస్తుంది. ఈ కృష్ణా డెల్టాను తుపానుల సీమగా చదవడం నేర్చుకున్నాం, వడగాలుల సీమగా చదవడం ఇంకా నేర్చుకోలేదు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: దిగువ కృష్ణలో ఎండను అర్థం చేసుకోవాలంటే సూర్యుడి కంటే ముందు గాలిని చూడాలి.

బందరు, అంటే మచిలీపట్నం, 16.2 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి సూర్యుడు మే మొదటి వారంలోనే అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మనల్ని భయపెట్టే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. అప్పటికి సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి జరిగి మూడు వారాలవుతుంది. పైగా మే నెలలో మబ్బులేని రెండు రోజులను తీసుకుంటే నేలమీద పడే ఎండలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. అయినా ఒకరోజు బందరులో 36 డిగ్రీలు, మరోరోజు 43. ఈ ఏడు డిగ్రీలూ గాలి తెచ్చినవే.

రెండు గాలులున్నాయి. ఒకటి సముద్రపు గాలి. ఎండకు నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం వేడెక్కదు. వెలుగు నీటిలో మీటర్ల లోతుకు దిగి చెదిరిపోతుంది, అలలు పైనీటిని కిందికి కలుపుతూనే ఉంటాయి, నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి కావలసిన శక్తి కూడా మట్టికంటే చాలా ఎక్కువ. మే నెలలో బంగాళాఖాతం పైనీరు రాత్రీ పగలూ 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అదే వేళకు గుడివాడ వైపు ఖాళీ చేలల్లో నల్లరేగడి పైపొర చెప్పుల్లేకుండా అడుగు వేయలేనంతగా కాలుతుంది. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, దాని చోటికి సముద్రం మీది బరువైన చల్లగాలి వస్తుంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం కాకముందే మంగినపూడి తీరం దాటి లోపలికి నడుస్తుంది. అది తగిలిన అరగంటలో ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలు పడిపోవడం, గాలిలో తేమ ఒక్కసారిగా పెరగడం తీరప్రాంత వాతావరణ కేంద్రాలకు మామూలు సంగతే. తీరానికి ముప్పై కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న గుడివాడకు అది పొద్దు వాలాక చేరుతుంది, కొన్ని రోజులు చేరనే చేరదు.

రెండోది పడమటి గాలి. దీని పుట్టుక మన డెల్టాలో కాదు, ఎత్తైన సీమల్లో. మే నెలాఖరుకు అరేబియా సముద్రం మీదుగా వీచే గాలులు బలపడతాయి. పడమటి కనుమలు ఎక్కేటప్పుడు తమ తేమను ఆ వాలు మీదే వదిలేస్తాయి. అక్కడినుంచి దక్కను పీఠభూమి మీద, నెలల తరబడి చినుకు చూడని రాతినేల మీదుగా వందల కిలోమీటర్లు ప్రయాణం చేస్తాయి. ఆఖరున పీఠభూమి అంచు దిగి డెల్టాలోకి వస్తాయి. ఆ దిగడంలోనే అసలు సంగతి ఉంది. కిందికి దిగే గాలి మీద ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడికి నలిగిన గాలి వేడెక్కుతుంది. పొడిగాలి విషయంలో ఈ పెరుగుదల కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీలు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 41 డిగ్రీలున్న గాలి దారిలో దేనితోనూ కలవకుండా బందరు మట్టానికి దిగితే 46 అవుతుంది. నిజానికి దారిలో ఎంతో కొంత కలుస్తుంది కనుక అంతా రాదు. అయినా పీఠభూమి మీద ఉన్నవాళ్లకంటే సముద్రం పక్కన ఉన్నవాళ్లకు ఒక్కోరోజు ఎక్కువ వేడి ఎందుకన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది. తూర్పు కనుమలు కృష్ణ దగ్గర తెగి, కొండపల్లి గుట్టల్లా చెదిరి ఉంటాయి. పడమటి గాలికి నది చేసిన దారి తెరిచే ఉంది.

ఇక ప్రతి మధ్యాహ్నం ఈ రెండింటికీ పోరు. పడమటి గాలి నెమ్మదిగా ఉంటే సముద్రపు గాలి దాని కిందుగా దూరి గుడివాడ దాకా వెళ్తుంది. బలంగా ఉంటే సముద్రపు గాలి తీరం మీదే, ఒక్కోసారి నీటి మీదే ఆగిపోతుంది. అప్పుడు బందరూ, ఎండలకు పేరుమోసిన లోపలి ఊరు రెంటచింతలా ఒక్కటే. వడగాలుల వారం అంటే సముద్రపు గాలి వరసగా ఓడిపోయిన వారం.

దాన్ని ఓడించేది ఎవరు? ఒక్కోసారి తుపానే. 2003 మే 10 ప్రాంతంలో బంగాళాఖాతంలో ఒక తుపాను పుట్టింది. శ్రీలంకలో కుండపోత వానలు, వరదలు, రెండువందలకు పైగా మరణాలు. తరువాత అది ఈశాన్యంగా తిరిగి మే 19న బర్మా తీరం చేరింది. మన తీరాన్ని తాకలేదు కదా అని ఊపిరి పీల్చుకునే లోపే కోస్తాలో వడగాలులు తీవ్రమయ్యాయి. కారణం సూటిగానే ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి. తుపాను సముద్రం నడుమ ఉంటే దానికి పడమర పక్కన, అంటే మన తీరం మీద, గాలి ఉత్తర వాయవ్యాల నుంచి, నేలమీది నుంచి సముద్రం వైపు లాగబడుతుంది. రావలసిన తేమంతా అటే పోతుంది. అందుకే మే నెలలో తుపాను దారి మళ్లిందన్న వార్త వినగానే దివిసీమ వాళ్లు గుడిసె తాళ్ల సంగతి మరిచిపోయినా, మంచినీళ్ల సంగతి చూసుకోవాలి.

తుపాను లేకున్నా దూరపు చేతులు ఉన్నాయి. రత్నం, బెహెరా, రాజీవన్, యమగతా తదితరులు 2016లో ప్రచురించిన పరిశోధనలో భారతదేశపు వడగాలులను రెండు రకాలుగా విడదీశారు. ఉత్తర మధ్య భారతంలో వచ్చేది ఒక రకం, తూర్పు తీరంలో వచ్చేది ఇంకో రకం. ఈ రెండో రకానికి మూలం పసిఫిక్ మహాసముద్రం చల్లబడటంలో ఉందనీ, దాని ప్రభావంగా మన నేల మీద వాయవ్యపు గాలి పెరిగి సముద్రపు గాలిని తగ్గిస్తుందనీ వాళ్లు చూపించారు. వేల మైళ్ల అవతల నీళ్లలో వచ్చిన మార్పు మంగినపూడిలో ఒక మధ్యాహ్నపు గాలిని ఆపగలదన్నమాట.

ఇక్కడ డెల్టా తనకు తానే చేసుకునే కీడు కూడా ఒకటుంది. పచ్చగా కనబడే ఈ నేల మే నెలలో పచ్చగా ఉండదు. దాళ్వా కోతలయ్యాక, మినుము పీకాక కాలువలు కట్టేస్తారు. 1855లో పూర్తయిన ఆనకట్ట కాలం నుంచీ, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ కాలంలోనూ ఈ డెల్టా బతుకు కాలువ వదిలే తేదీకీ కట్టే తేదీకీ మధ్యనే. కాలువ కట్టిన కొన్ని వారాలకు నల్లమట్టి నెర్రెలు విచ్చుతుంది. తడి ఉన్న నేల మీద పడ్డ ఎండలో చాలా భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. తడి లేని నేల మీద ఆ ఖర్చు లేదు, అంతా గాలిని వేడి చేయడానికే. అంటే కాలువలు కట్టిన నెలన్నర, రెండు నెలలు కృష్ణా డెల్టా మెట్ట ప్రాంతంగా మారిపోతుంది. పడమటి గాలి పీఠభూమి నుంచి తెచ్చిన వేడికి ఇక్కడి నేల ఇంకొంత కలుపుతుంది. ఏడాదంతా నీళ్లుండే సీమ అన్న పేరు వల్ల ఈ మెట్ట నెలలను మనం పట్టించుకోం.

ఇప్పుడు మనిషి ఒంటి సంగతికి వద్దాం. కొత్త కుండలో నీళ్లు పోసి పడమటి గాలిలో పెట్టండి. రంధ్రాల నుంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది, సాయంత్రానికి నీళ్లు చల్లగా ఉంటాయి. అదే కుండ సముద్రపు గాలి బలంగా వీచే రోజున అంత చల్లబడదు. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే ఊరిన నీరు ఆవిరి కాదు. మన ఒళ్లూ ఆ కుండలాంటిదే. చెమట కారడం వల్ల చల్లదనం రాదు, చెమట ఆరడం వల్ల వస్తుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి ఒంటినుంచి పోతుంది. పార పనిచేసే మనిషి గంటలో పుట్టించే వేడికి అది సరిపోయి మిగులుతుంది. ఆరకుండా నేలమీదికి కారిపోతే పోయింది నీరూ ఉప్పూ మాత్రమే, వేడి ఒంట్లోనే ఉంది.

శాస్త్రజ్ఞులు ఈ కుండ సూత్రంతోనే ఒక కొలత చేశారు. ఉష్ణమాపకం బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే అది చూపే అంకెను తడిబల్బు ఉష్ణోగ్రత అంటారు. ఆ గాలిలో చెమట ఒంటిని ఎంతవరకు చల్లబరచగలదో చెప్పే హద్దు అది. గుడివాడలో పడమటి గాలి వీచే రోజు తీసుకుందాం: 44 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం. తడిబల్బు అంకె 25 దగ్గర వస్తుంది. బందరులో సముద్రపు గాలి వీచే రోజు తీసుకుందాం: 36 డిగ్రీలు, తేమ 65 శాతం. తడిబల్బు 30 దాటుతుంది. టీవీలో 44 చూసి గుండె పట్టుకుంటాం, 36 చూసి పనికి పోతాం. చెమట ఆరడం ఒక్కటే కొలతగా చూస్తే 36 ఉన్న రోజే ఎక్కువ ప్రమాదం.

షేర్‌వుడ్, హ్యూబర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2010లో తడిబల్బు 35 డిగ్రీలకు చేరితే ఎంత ఆరోగ్యవంతుడైనా కొన్ని గంటలకు మించి బతకడని లెక్కగట్టారు. అది లెక్కల హద్దు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను తేలికపాటి పని చేయిస్తూ పరీక్షిస్తే, తేమ గాలిలో 30, 31 దగ్గరే ఒంటి ఉష్ణోగ్రత అదుపు తప్పడం మొదలైంది. పైన చెప్పిన బందరు మధ్యాహ్నం ఆ గీత మీదే ఉంది. అదీ నీడలో, చిన్న వయసులో, తేలికపాటి పనిలో. అరవై దాటిన మనిషి, ఎండలో, నెత్తిన తట్టతో ఉన్నప్పుడు ఆ గీత ఎక్కడికి దిగుతుందో ఊహించవచ్చు.

అలాగని పడమటి గాలి మంచిదని కాదు. అది వేరేగా చంపుతుంది. గాలి చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు, అంటే 35 డిగ్రీలు దాటాక, ప్రతి గాలి తెరా ఒంటికి వేడిని ఇస్తుందే కాని తీసుకోదు. చెమట పుట్టగానే ఆరిపోతుంది కనుక పట్టినట్టే తెలియదు. గంటకు లీటరుకు పైగా నీరు పోతున్నా చొక్కా పొడిగానే ఉంటుంది. దాహం ఆలస్యంగా తెలుస్తుంది. నీళ్లొక్కటే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడే ప్రమాదం ఉంది. చలివేంద్రంలో ఉప్పు వేసిన పలుచని మజ్జిగ పోసే అలవాటు ఎవరు పెట్టారో కాని దాని వెనుక శరీరధర్మశాస్త్రం గట్టిది.

రెండు గాలులకూ ఇంట్లో చేయవలసినవి కూడా వేరు. పడమటి గాలి రోజున కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది, సముద్రపు గాలి రోజున అదే కూలర్ గదిని ఆవిరి గదిగా మారుస్తుంది. తేమ రోజున ఫ్యాన్ గాలి చెమటను ఆర్చి కాపాడుతుంది. గది 40 డిగ్రీలు దాటిన పొడి రోజున, ముఖ్యంగా చెమట తక్కువ పట్టే ముసలివాళ్లకు, ఫ్యాన్ ఒక్కటే పెడితే వేడిని ఒంటికి విసిరినట్టే. ఒళ్లు తడిగుడ్డతో తుడిచి ఫ్యాన్ కింద కూర్చోబెట్టాలి. వడదెబ్బ తగిలిన మనిషికి, అంటే ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్న మనిషికి, చేయవలసిందీ ఇదే: నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. స్పృహ లేని నోట్లో నీళ్లు పోయకూడదు.

ఈ లెక్కలన్నీ ఎవరి ఒంటి మీద పడతాయో చూద్దాం. కాలువలు కట్టేశాకే కాలువల్లో పూడిక తీయాలి. అంటే ఏడాదిలో అతి కష్టమైన మట్టిపని అతి వేడిగా ఉండే నెలలో పడుతుంది. ఉపాధి హామీ కూలీలు తెల్లవారకముందే వెళ్లి పది పదకొండు గంటలకు తిరిగివచ్చేది అందుకే. పెడనలో కలంకారీ గుడ్డను రంగు పట్టడానికి పెద్ద డేగిసాల్లో మరగబెడతారు. బయట తేమ గాలి, పక్కన మరిగే నీటి ఆవిరి. ఆ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి వాతావరణ కేంద్రం చెప్పే అంకెతో పనిలేదు, అతని గాలి వేరు.

నీటిలో ఉన్న జీవాలకూ ఈ బాధ ఉంది. ముదినేపల్లి, గుడివాడ వైపు చేపల చెరువుల్లో నీరు వేడెక్కేకొద్దీ కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా నిలవగలిగేది, 35 డిగ్రీల నీటిలో 7 దగ్గరే ఆగిపోతుంది. అదే వేడికి చేపకు కావలసిన ప్రాణవాయువు పెరుగుతుంది. నాచు కూడా రాత్రంతా దాన్ని వాడుకుంటుంది. అందుకే చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది తెల్లవారుజామున. రైతు ఏరేటర్ల పక్కన మేలుకుని ఉండేదీ అప్పుడే.

రాత్రి గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. పగలంతా వేడెక్కిన ఒంటికి చల్లబడటానికి రాత్రి కావాలి. 1977 తరువాత దివిసీమలో గుడిసెల చోట పక్కా ఇళ్లు వచ్చాయి. రావలసిందే, అవి గాలికి ఎగిరిపోవు. కాని కాంక్రీటు శ్లాబు పగటి ఎండను దాచుకుని చీకటిపడ్డాక లోపలికి వదులుతుంది. తాటాకు కప్పు దాచుకోదు. తుపాను నుంచి కాపాడే ఇల్లే మే రాత్రి ఒంటికి విశ్రాంతి లేకుండా చేస్తోంది. పైకప్పుకు తెల్లసున్నం కొడితే ఎండలో చాలా భాగం తిరిగిపోతుంది. తెలంగాణ 2023లో చల్లని పైకప్పుల కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. తీరంలో ప్రభుత్వ కాలనీలన్నింటికీ ఏటా ఏప్రిల్లో సున్నం వేయించడం పెద్ద ఖర్చు కాదని నా గట్టి నమ్మకం.

ఇక తాగునీరు. మే నెలలో తెరచి ఉన్న చెరువు నుంచి రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. ఎనిమిది అనుకుంటే ఎకరం చెరువు మీద రోజుకు ముప్పైరెండు వేల లీటర్లు. కాలువ కట్టేముందు నింపుకున్న చెరువులే ఊళ్లకు ఆధారం, బందరుకు తరకటూరు చెరువు లాగా. వడగాలులు పొడిగించి వీచిన ఏడాది ఆ లెక్క తప్పుతుంది. దివిసీమలో బోరు వేసుకుందామంటే కింద ఉప్పునీరు. ఇసుక దిబ్బల కింద వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, ఎందుకంటే అది ఉప్పునీటి కంటే కొంచెం తేలిక. ఆ తేడా నలభైలో ఒక వంతే. అందుకే సముద్రమట్టానికి పైన మంచినీటి మట్టం ఒక అడుగు ఉంటే, సూత్రం ప్రకారం కింద నలభై అడుగుల మంచినీరు ఉంటుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పునీరు నలభై అడుగులు పైకి రావడానికి చూస్తుంది. గీబెన్ అనే డచ్చి ఇంజనీరు, హెర్జ్‌బర్గ్ అనే జర్మన్ ఇంజనీరు పందొమ్మిదో శతాబ్దం చివర్లో విడివిడిగా తమ తీరాల మీద కనిపెట్టిన సూత్రం ఇది. చెలమ తవ్వి కడవతో ముంచుకున్నన్నాళ్లూ తియ్యగా ఉన్న చోట మోటారు పెట్టగానే ఉప్పగా మారేది ఇందుకే. బ్యారేజీ కింద నదిలో ప్రవాహం లేని నెలల్లో పోటునీరు పులిగడ్డ వైపు ఎగబాకుతుంది కనుక ఆ పక్కనుంచీ ఉప్పే. 2015లో మొదలైన పట్టిసీమ పథకం గోదావరి నీటిని కృష్ణకు తెస్తున్నా, అది గోదావరికి వరద వచ్చాక తోడే నీరు. మే నెలకు అందదు.

ఇవన్నీ ముందుముందు పెరిగేవే. 1901కీ 2018కీ మధ్య భారతదేశపు సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. అంటే పడమటి గాలి మరింత వేడిగా, సముద్రపు గాలి మరింత తేమగా వస్తాయి.

మన హెచ్చరికలు మాత్రం ఇంకా ఎక్కువగా ఒక్క అంకె మీదే నడుస్తున్నాయి. వాతావరణ శాఖ లెక్కలో తీరప్రాంతానికి వడగాలి అంటే గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 37 డిగ్రీలు ఉండాలి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. మైదానాలకు ఆ కనీసం 40, కొండ ప్రాంతాలకు 30. బందరులో మే గరిష్ఠం మామూలుగానే 37 చుట్టుపక్కల ఉంటుంది కనుక 41 దాటితే కాని ఆ కొలతకు అందదు. 36 డిగ్రీల, 65 శాతం తేమ రోజు ఆ వలలో పడదు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ముందురోజే వడగాలుల జాబితా ఇస్తోంది, అది నిజంగా పెద్ద అడుగు. ఆ జాబితాలో తడిబల్బు అంకె, రాత్రి కనిష్ఠం, గాలి దిశ కూడా చేర్చాలి. పడమటి గాలి రోజున నీళ్లు, ఉప్పు, తలగుడ్డ ముఖ్యం. సముద్రపు గాలి రోజున పని తగ్గించడం, గాలి ఆడే చోటు ముఖ్యం. రెండు రోజులకూ ఒకే కరపత్రం సరిపోదు.

మచిలీపట్నంలో వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ ఉంది, తుపానులను చూడటానికి పెట్టింది. ఇలాంటి రాడార్లు మబ్బులేని రోజున కూడా సముద్రపు గాలి ముందంచును ఒక సన్నని గీతగా పట్టుకోగలవు. ఆ అంచు వెంట చేరిన పురుగులు, దుమ్ము, తేమ మార్పు వల్ల అది తెర మీద కనబడుతుంది. ఆ గీత ఈరోజు తీరం దాటిందా, పెడన చేరిందా, గుడివాడకు ఎన్నింటికి వస్తుంది, అసలు వస్తుందా అన్నది మధ్యాహ్నం పన్నెండుకల్లా మండలాలకు చెప్పగలిగితే, పూడిక పని పెట్టే మేస్త్రీకీ ఆసుపత్రిలో మంచాలు సర్దే నర్సుకూ రెండు మూడు గంటల వ్యవధి చేతికొస్తుంది.